‘దత్త మండలం’ నుంచి ‘కరువు సీమ’ దాకా: అనంతపురం పత్రికా వ్యాఖ్యలో భాష, రాజకీయ మొగ్గు

ఉపోద్ఘాతం

పత్రికలో వార్త వేరు, వ్యాఖ్య వేరు అన్నది పాత్రికేయ వృత్తిలో మొదటి పాఠం. వార్తకు వాస్తవం, వ్యాఖ్యకు అభిప్రాయం ఆధారం. ఆ అభిప్రాయానికి రాజకీయ మొగ్గు ఉండడం దోషం కాదు, దాన్ని దాచడమే దోషం. అయితే ఆ మొగ్గు రచనలో ఎక్కడ ఉంటుంది? వ్యాసం చివర ఏ పక్షాన్ని సమర్థించింది, ఎవరిని తప్పుపట్టింది అన్న దాన్ని బట్టి సాధారణంగా దాన్ని గుర్తిస్తారు. కానీ వాదం మొదలయ్యే లోపే, విషయానికి పెట్టిన పేరులోనే మొగ్గు స్థిరపడే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ స్థిరీకరణ చరిత్రను అనంతపురం ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనంతపురాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. రెండు రుతుపవనాలూ పూర్తిగా చేరని వర్షచ్ఛాయా పీఠభూమి ఇది. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. కాబట్టి ‘కరువు’ ఇక్కడ ప్రతి తరం రచయితా ఎదుర్కోవలసిన మాట. ఇక రెండో కారణం, ఈ ప్రాంతం గురించిన వ్యాఖ్య చాలా కాలం ఇక్కడ కాక మద్రాసులో, విజయవాడలో, హైదరాబాదులో అచ్చయింది. మాట పుట్టిన చోటుకూ అచ్చయిన చోటుకూ మధ్య ఉన్న ఈ దూరమే ఈ పరిశీలనకు ప్రధానం.

పేరే ఒక అభిప్రాయం

1800లో నిజాం కంపెనీ సైన్యం పోషణ ఖర్చుకు బదులుగా ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో కలెక్టరుగా అనంతపురంలో ఉండి దీన్ని పాలించాడు. అప్పటి నుంచి పాలనా పత్రాలలో దీని పేరు ‘సీడెడ్ జిల్లాలు’, తెలుగులో ‘దత్త మండలం’. ‘దత్త’ అనే విశేషణానికి ఇచ్చినవాడు కావాలి, పుచ్చుకున్నవాడు కావాలి. అక్కడ నివసించే ప్రజకు ఆ మాటలో చోటు లేదు. అంటే ఒక ఒప్పందపత్రంలోని క్రియ ఒక ప్రాంతానికి శాశ్వత నామమైంది. ఆ పేరు వాడుతూ ఆ ప్రాంత హక్కుల గురించి రాసే ఏ వ్యాసమైనా తన వాదానికి విరుద్ధమైన మాటతోనే మొదలవుతుంది.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంగా దత్త మండలాల ప్రతినిధులు ప్రత్యేకంగా సమావేశమయ్యారు. అప్పుడు అనంతపురం కళాశాలలో తెలుగు బోధిస్తున్న చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరును సూచించారు. పప్పూరి రామాచార్యులు ఆ తీర్మానాన్ని ప్రతిపాదించారు. ఈ నామకరణాన్ని చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఆపాదించడం జరిగింది. ఎవరిదన్న వివాదం కన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. సూచించినవారు భాషావేత్త, ప్రతిపాదించినవారు పత్రికా సంపాదకుడు. పేరు మార్పు రాజకీయ చర్యే అయినా, దాని విలువ తెలిసి నడిపించినది మాటలతో పనిచేసేవారు.

‘దత్త’ స్థానంలో ‘రాయల’ చేరడంతో కర్త మారాడు. ప్రాంతపు చరిత్ర ఇప్పుడు నిజాం అప్పగింతతో కాక విజయనగరంతో మొదలవుతుంది. ఇది కూడా తటస్థమైన పేరు కాదు. వర్తమాన దైన్యానికి ప్రతిగా గతవైభవాన్ని నిలబెట్టే పేరు. రాయల కాలపు చెరువులనూ నేటి ఎండిన మడులనూ పక్కపక్కన పెట్టి చూపే వ్యాఖ్యాన పద్ధతి తరవాతి సీమ వ్యాసాలలో స్థిరపడడానికి ఈ పేరులోనే బీజముంది.

సంపాదకుడు, సంతకందారు

పప్పూరి రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి ‘శ్రీ సాధన పత్రిక’ను ప్రారంభించారు. ఆయన జాతీయోద్యమ కార్యకర్త, కాంగ్రెసువాది. కాబట్టి పత్రిక మొగ్గు ఎవరికీ తెలియనిది కాదు. ఆ కాలంలో పరాయి పాలన గురించి రాసే తెలుగు సంపాదకుడికి భాష ప్రమాదకరమైన వస్తువు. కర్నూలుకు చెందిన గాడిచర్ల 1908లో విజయవాడ ‘స్వరాజ్య’లో వచ్చిన రచన కారణంగా రాజద్రోహ నేరం కింద మూడేళ్ల శిక్ష పొందారు. పరిపాలకులను క్రూరమృగంతో పోల్చడం ఆ అభియోగానికి కేంద్రమైంది. ఒక రూపకాన్ని రాజ్యం నేరంగా చదివిందన్న మాట. తరవాతి సంపాదకులు ఈ పాఠాన్ని మరిచిపోయే వీలు లేదు. ధరావతు కోరే పత్రికా చట్టాలు ఆ జ్ఞాపకాన్ని నిలిపి ఉంచాయి.

జాతీయోద్యమంలో కాంగ్రెసు పక్షాన నిలిచిన ఈ సంపాదకుడు ఆంధ్ర రాష్ట్రం విషయంలో మరొక మొగ్గును కూడా మోయవలసి వచ్చింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురానికి దక్కలేదు. ప్రత్యేక రాష్ట్రంలో సీమ మళ్లీ వెనుకబడుతుందన్న సందేహం పెరిగింది. దానికి సమాధానంగా 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలోనూ ఏర్పరచడం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటిలో పదేళ్ల పాటు సీమకు ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టులలో ఒకదాన్ని సీమ కోరుకునే అవకాశం వంటివి అందులోని అంశాలు. ఒడంబడిక జరిగిన ‘శ్రీబాగ్’ ‘ఆంధ్రపత్రిక’ స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం. సంతకం చేసిన సీమ నాయకులలో కల్లూరు సుబ్బారావుతో పాటు పప్పూరి రామాచార్యులు కూడా ఉన్నారు.

అంటే ఒక పత్రికాధిపతి ఇంట్లో, మరొక పత్రికా సంపాదకుడి సంతకంతో రెండు ప్రాంతాల సంబంధం రాతపూర్వకమైంది. నేటి ప్రమాణాలతో చూస్తే ఇది ప్రయోజనాల సంఘర్షణ. నాటి ప్రమాణాలతో చూస్తే సంపాదకుడి బాధ్యతలో భాగం. ఇక్కడ గమనించవలసింది పారదర్శకత. పాఠకుడికి సంపాదకుడి పక్షం తెలుసు. అతని పేరు పత్రిక మీదా ఉంది, ఒడంబడిక కిందా ఉంది.

వ్యవహారిక విజయం, సీమ పలుకు స్థానం

1920లలో తెలుగు పత్రికా వచనం ప్రధానంగా గ్రాంథికం లేదా సరళ గ్రాంథికం. తాపీ ధర్మారావు ‘జనవాణి’లో వ్యవహారికానికి చోటిచ్చారు. 1938లో ప్రారంభమైన ‘ఆంధ్రప్రభ’లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాలు వ్యవహారికాన్ని వ్యాఖ్యకు తగిన భాషగా నిలబెట్టాయి. ఇది తెలుగు పత్రికా చరిత్రలో ప్రజాస్వామిక విజయమన్నది సర్వామోదం పొందిన నిర్ణయం.

అనంతపురం వైపు నుంచి చూస్తే ఈ నిర్ణయానికి ఒక సవరణ అవసరం. పత్రికలలో స్థిరపడిన శిష్ట వ్యవహారికానికి మూలం ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల వాడుక. గ్రాంథికం ఏ జిల్లాదీ కాదు. దాన్ని అందరూ నేర్చుకోవలసిందే. ఆ కష్టంలో ఒక విధమైన సమానత ఉంది. శిష్ట వ్యవహారికం కొందరికి పుట్టుకతో వచ్చిన భాష, మరికొందరికి నేర్చుకోవలసిన భాష. అనంతపురం రైతు ‘చెనిక్కాయ’ అంటాడు, పత్రిక ‘వేరుశనగ’ అని రాస్తుంది. రైతు ‘బెట్ట’ అంటాడు, పత్రిక ‘వర్షాభావం’ అంటుంది. కోతల కాలంలో పనికోసం ఊరు విడవడాన్ని కన్నడ సీమతో పంచుకున్న ‘సుగ్గి’ అనే మాట చెబుతుంది, పత్రిక దాన్ని ‘వలస’లో కలిపేస్తుంది. ఈ మార్పులు కేవలం పర్యాయపదాల మార్పులు కావు. పైరు మీద ఉన్నప్పుడు వాన ఎడబాటు వచ్చే స్థితి బెట్ట. ఏడాది మొత్తం వాన చాలినంత కురిసినా బెట్టకు పంట పోవచ్చు. ‘వర్షాభావం’ అన్న మాటకు ఈ తేడా అందదు. సీమ పలుకు కథలో సంభాషణగా, వార్తలో కొటేషన్ గుర్తుల మధ్య బాధితుడి మాటగా మిగిలింది. వాదం నడిపే వాక్యంలో దానికి చోటు దక్కలేదు.

ఈ నేపథ్యంలో విద్వాన్ విశ్వం (1915–1987) స్థానం విశిష్టమైనది. అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విశ్వం అదే ఊరి తరిమెల నాగిరెడ్డితో కలిసి వామపక్ష రాజకీయాలలో పనిచేశారు. తరవాత వ్యాపారసంస్థ యాజమాన్యంలోని ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘మాణిక్యవీణ’ శీర్షిక నిర్వహించారు. పెన్న ఒడ్డు కరువు బతుకును ‘పెన్నేటి పాట’ కావ్యంగా రాసిన కవీ, రాష్ట్రమంతా చదివే శీర్షికా రచయితా ఒక్కరే. అయితే ఆ సీమ తన పలుకుతో పూర్తిగా వినిపించడానికి ఆయనకు కావ్యం కావలసి వచ్చింది. రచయిత సామర్థ్యంలో లోపం వల్ల ఇలా జరగలేదు. కావ్యానికి ప్రాంతీయత శోభ, సంపాదకీయానికి అది పరిమితి అని నాటి పత్రికా భాష నిర్ణయించింది. సీమకు సంబంధించినంతవరకు ఈ విభజన ప్రభావం దీర్ఘకాలం నిలిచింది.

సంపాదకీయ పుట, జిల్లా పుట

1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ తెలుగు పత్రికల పంపిణీనీ స్థానిక వార్తా సేకరణనూ మార్చివేసింది. జిల్లా ప్రత్యేక సంచికలతో అనంతపురం పాఠకుడు తన మండలం పేరును ప్రతిరోజూ అచ్చులో చూడగలిగాడు. 1980ల తొలినాళ్లలో ఆ పత్రిక తెలుగుదేశం ఆవిర్భావానికి ఇచ్చిన మద్దతు బహిరంగమైనదే. 2008 మార్చిలో ఒకే రోజు 23 కేంద్రాల నుంచి వెలువడిన ‘సాక్షి’కి వై.ఎస్. కుటుంబంతో ఉన్న సంబంధం కూడా అంతే బహిరంగం. ఒక పక్షానికి ఒక పత్రిక అన్న స్థితి అలా స్థిరపడింది.

పక్షాలు రెండైనా పుటల నిర్మాణం ఒక్కటే. కరువు వార్త జిల్లా పుటలో వస్తుంది. సంపాదకీయం రాష్ట్రమంతటికీ ఒక్కటే. అనంతపురం బెట్టను అనంతపురం పాఠకుడే చదువుతాడు, విశాఖ పాఠకుడికి అది చేరదు. సంపాదకీయ పుటకు చేరేసరికి అది ‘రైతు సంక్షోభం’ అనే సామాన్యనామంగా మారి, ప్రభుత్వ సమర్థనకో విమర్శకో ఉదాహరణ అవుతుంది. స్థానికత పెరిగిన కాలంలోనే స్థానిక అభిప్రాయం తగ్గడం ఈ నిర్మాణం ఫలితం.

విశేషణాల రాజకీయం

మూడు ఉదాహరణలు ఈ స్థితిని స్పష్టం చేస్తాయి. మొదటిది ‘వర్షాభావం’, ‘కరువు’ జంట. వర్షాభావానికి కర్త ఆకాశం. కరువుకు పాలకుడు జవాబు చెప్పాలి. కరువు మండలంగా ప్రకటిస్తే సహాయ చర్యలు తప్పనిసరి అవుతాయి కాబట్టి ఈ రెండు మాటల మధ్య ఎంపిక ఖజానాకు సంబంధించిన ఎంపిక. అధికారపక్షానికి దగ్గరైన వ్యాఖ్య మొదటి మాటవైపు, ప్రతిపక్షానికి దగ్గరైన వ్యాఖ్య రెండో మాటవైపు మొగ్గడం సహజం. ప్రభుత్వం మారితే మాటలూ చేతులు మారతాయి.

రెండోది రైతు మరణం. 2004 నాటి జి.ఓ. 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు సహాయాన్ని నిర్దేశించింది. అర్హతను డివిజన్ స్థాయి త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి. అప్పటి నుంచి ‘రైతు ఆత్మహత్య’ అన్న సమాసం పాలనా నిర్ధారణకు లోబడిన మాట అయింది. ‘అప్పుల బాధతో’, ‘కుటుంబ కలహాలతో’ అన్న రెండు కారణ పదబంధాలలో పత్రిక ఏది రాసిందన్నది భాషాశైలికి మించిన విషయం. దాని వెనుక ఒక ఇంటి హక్కు ఉంది.

మూడోది నీరు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాలను 75 శాతం విశ్వసనీయత ఆధారంగా పంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టి.ఎం.సి.లు నిర్ణయించింది. మిగులు నీటిని వాడుకునే స్వేచ్ఛ ఇచ్చింది గానీ హక్కు ఇవ్వలేదు. ‘నికర జలాలు’, ‘మిగులు జలాలు’ అనే మాటలు ఈ తీర్పుతో వ్యాఖ్యా భాషలోకి వచ్చాయి. అనంతపురానికి ఆశ అయిన హంద్రీ–నీవా 40 టి.ఎం.సి.ల పథకం మిగులు జలాల మీద రూపొందింది. వ్యాసంలో ‘కృష్ణా జలాలు వస్తున్నాయి’ అని రాయడం అబద్ధం కాదు. ఏ జలాలో చెప్పే విశేషణాన్ని వదిలితే, హక్కుకూ దయకూ ఉన్న తేడా కూడా వాక్యం నుంచి పోతుంది. ఆ విశేషణాన్ని పట్టుబట్టి నిలిపినది ప్రధానంగా సీమ రచయితల, సాగునీటి ఉద్యమకారుల వ్యాసాలు.

2020లో రాజధానుల చర్చ వచ్చినప్పుడు శ్రీబాగ్ ఒడంబడిక మళ్లీ వ్యాఖ్యలలోకి వచ్చింది. ఒక పక్షానికి అది ‘వికేంద్రీకరణ’కు ప్రమాణం. మరొక పక్షానికి ఆ ‘వికేంద్రీకరణ’ రాజధానిని ముక్కలు చేయడానికి పెట్టిన పేరు. ఈ వాదంలో కర్నూలు హైకోర్టు అంశం ముందుకు వచ్చినంతగా ఒడంబడికలోని నీటి ప్రాధాన్యం రాలేదు. సీమకు జీవన్మరణ సమస్య అయిన అంశం, పక్షాల వివాదానికి పనికిరానందున వెనక్కి పోయింది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, అనంతపురం విషయంలో రాజకీయ మొగ్గు వ్యాఖ్య ముగింపులో కన్నా నామవాచకాలలో, విశేషణాలలో ముందుగా స్థిరపడింది. రెండు, వ్యవహారిక భాషా విజయం సీమకు పాక్షికంగానే అందింది. సీమ మాటకు సాక్ష్యపు విలువ దక్కింది గానీ వాదపు అధికారం దక్కలేదు. మూడు, 1937 నాటి సంపాదకుడి పక్షపాతం సంతకంతో సహా కనిపించేది. నేటి పక్షపాతం పర్యాయపదాల ఎంపికలో ఉండి, తటస్థ వచనంలా చదవబడుతుంది.

భాషా పరిశోధకులు చేయవలసిన పనీ ఇక్కడే ఉంది. ప్రధాన సంచికలతో సమానంగా జిల్లా సంచికలను భద్రపరచాలి. ఒకే రోజున ఒకే సంఘటనకు వేర్వేరు పత్రికలు వాడిన పదాలను పట్టికలుగా సేకరించాలి. ‘బెట్ట’, ‘పదును’, ‘సుగ్గి’ వంటి మాటలు మాండలిక పదకోశాలలో ఇప్పటికే చేరాయి. అవి సంపాదకీయ వాక్యంలో కర్తగా, కర్మగా నిలిచినప్పుడే అనంతపురం కరువు గురించిన అభిప్రాయంలో అనంతపురానికీ భాగం ఉందని చెప్పగలం.