నేరము నలుసుదా, నీటిదా?

తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను లోకము కల్లనియే అనును. కంటికి కానరాని ప్లాస్టిక్ గోళములకు శాస్త్రశాలలలో కొంతకాలము ఇట్టి అపవాదే కలిగినది. దాని పూర్వచరిత్ర తెలిసికొనదగినది.

1947లో అమెరికాలోని డౌ కంపెనీ తయారుచేసిన పాలవంటి పాలీస్టైరీన్ ద్రవమును మిషిగన్ విశ్వవిద్యాలయమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. అందలి గోళములన్నియు అచ్చున పోసినట్లు ఒకే పరిమాణమున నుండెను. ఒక్కొక్కదాని వ్యాసము సుమారు 260 నానోమీటర్లు. మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. అట్టి గోళములు సూక్ష్మదర్శినులకు కొలబద్దలైనవి. అవి ఒకదానికొకటి అంటుకొనకుండ సబ్బువంటి పదార్థమును, సూక్ష్మజీవులు చేరకుండ సోడియం అజైడును సీసాలోని నీటిలో కలుపుట వాడుకయైనది. కొలబద్దకు దానివలన లోపము లేదు.

2004లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు సముద్రతీరపు ఇసుకలో సన్నని ప్లాస్టిక్ నలుసులను చూపిరి. ఇవి ఇంకను చితికి మన జీవకణములలో ప్రవేశించినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పలువురు పరిశోధకులు అందుబాటులోనున్న ఆ గోళముల సీసాలనే చేపట్టిరి. కణములు చచ్చినచో నేరము ప్లాస్టిక్‌పై పడుచుండెను. కాని అజైడు కణముల శ్వాసక్రియనే అడ్డును. సబ్బు కణపు పొరను కరగించును. 2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు నీటి ఈగలు అను చిన్న ప్రాణులపై పరీక్షించి, విషము ప్రధానముగా అజైడుదేయని చూపిరి. మానవకణముల పరీక్షలకును ఈ హెచ్చరిక వర్తించును.

కడుగు విధానము క్రొత్తది కాదు. 1861లో థామస్ గ్రాహం ప్రకటించిన డయాలిసిస్ పద్ధతిలో చిన్న అణువులు పలుచని పొరగుండ నీటిలోనికి జారిపోవును, పెద్దవి నిలుచును. మూత్రపిండ రోగుల ఇండ్లలో నేడు పరిచితమైన పేరే ఇది. అయితే సబ్బు పోయిన గోళములు ముద్దకట్టవచ్చును. కావున కడిగిన పిదప వానిని మరల కొలువవలెను. గోళములు తీసివేసిన నీటిని విడిగా కణములపై వేసి చూడవలెను.

ఇంతమాత్రమున ప్లాస్టిక్ నిర్దోషియని తీర్పు చెప్పరాదు. 2008లో లాస్ ఏంజిలిస్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరీక్షలలో, ధనవిద్యుదావేశము గల 60 నానోమీటర్ల పాలీస్టైరీన్ గోళములు మానవ శ్వాసనాళపు కణములను చంపినవి. రక్తనాళపు కణములు చాలవరకు ఓర్చినవి. పైగా మన చుట్టునున్న నలుసులు నున్నని గోళములు కావు. రంగులును, మెత్తదనమిచ్చు రసాయనములును వానిని అంటియుండును.

కనుక నానోప్లాస్టిక్ చంపుననియో, చంపదనియో ఏ పత్రికలోనైన చదివినచో శ్రోతలు మొదట అడుగవలసినవి రెండు: ఆ నలుసును కడిగిరా? సీసాలోని నీటిని విడిగా పరీక్షించిరా?