ఐసు కరిగేలోగా

2019 దీపావళి రోజులు. కైకలూరులో రెండో ఆట. హాల్లోకి వచ్చిన జనం చొక్కాల్లో ఇంకా టపాకాయల మందు వాసన. నా ముందు వరసలో నలుగురు చేపల లారీల మీద పనిచేసేవాళ్లు. ఆడుతున్నది కార్తి ‘ఖైదీ’. లోకేశ్ కనగరాజ్ తీసిన ఈ తమిళ సినిమాలో పాటల్లేవు, హీరోయిన్ లేదు. కథంతా ఒక్క రాత్రి.

తెర మీద ఓ కేటరింగ్ లారీ. విషం కలిసిన మందు తాగి స్పృహ తప్పిన పోలీసులు వెనకాల పడి ఉన్నారు. పక్క సీట్లో అధికారి చేతికి కట్టు, స్టీరింగ్ పట్టలేడు. పట్టినవాడు ఢిల్లీ, కార్తి పాత్ర పేరది. పదేళ్ల జైలు తర్వాత విడుదలై, ఎన్నడూ చూడని కూతురి కోసం బయల్దేరినవాడు.

హెడ్‌లైట్ల వెలుగు పడినంత మేరే లోకం. దాని అవతలి చీకట్లో ఎవరు కాచుకున్నారో తెలీదు. లారీ ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. ముందు వరసలో పెద్దాయన కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. అయినా నా ఒళ్లు కుదుపుకు ముందుకి తూలింది.

“లోడు బండిని అలా కొయ్యకూడదురా,” అన్నాడాయన గొంతు తగ్గించి.

“వెనకాల మనుషులున్నారు కదా బాబాయ్, ఆడికీ తెలుసు,” అన్నాడు పక్క కుర్రాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

1978లో వాల్టర్ హిల్ తీసిన ‘ది డ్రైవర్’లో దొంగల్ని తప్పించే డ్రైవరుకి పేరైనా ఉండదు. అతను మోసేది దోపిడీ సొమ్ము. ఢిల్లీ మోసేది ఊపిరి ఆడుతున్న మనుషుల్ని. సొమ్ము పోతే మళ్లీ దొరుకుతుంది. అందుకే ఈ లారీ ఊగినప్పుడల్లా నా అరచేతులు చెమటతో తడిసిపోతున్నాయి.

ఆట వదిలారు. బయట చల్లగాలి, చెరువుల నీచు వాసన. బొచ్చె, శీలావతి చేపలు నింపిన ట్రేలతో ఓ లారీ రోడ్డెక్కుతోంది. అడుగు నుంచి ఐసు నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇలాంటి బండ్లు కోల్‌కతా దాకా పోతాయి, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దారిలో తరిమేవాళ్లెవరూ ఉండరు, కరిగే ఐసు తప్ప.

నలుగురూ పక్కకి తప్పుకుని దారిచ్చారు. ముగ్గురు మాటల్లో పడ్డారు. పెద్దాయన మాత్రం అక్కడే నిలబడి, లారీ ఒరగకుండా మలుపు తిరిగేదాకా చూశాడు. అప్పుడు కదిలాడు.