స్తంభం మీది వైరు ఎవరిది?

సూర్యాపేటలో కొత్తగా అద్దెకు దిగిన మనిషి ఇంటర్నెట్ కావాలంటే ప్లాన్ల పట్టికలు ముందేసుకుని కూర్చోడు. పక్కింటాయన్ని అడుగుతాడు: "అన్నా, మన గల్లీల ఎవరి నెట్ మంచిగ నడుస్తది?" జవాబులో కంపెనీ పేరు కన్నా ముందు కేబుల్ ఆయన పేరే వినిపిస్తుంది. కోదాడ, మిర్యాలగూడల్లోనూ ఇదే వరస. ఈ అలవాటు వెనుక పాతికేళ్లు దాటిన కథ ఉంది.

దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని మహానగరాలతో మొదలుపెట్టింది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచాక సత్యం ఆన్‌లైన్ లాంటివి పెద్ద నగరాల్లో పోటీకి దిగాయి. అప్పటికి ఈ మూడు ఊళ్లూ నల్లగొండ జిల్లావే. ఇక్కడ ఎంచుకోవడానికి ఉన్నది ఒక్కటే, టెలిఫోన్ ఎక్స్ఛేంజి. 2000 అక్టోబరు 1న దాన్ని నడిపే ప్రభుత్వ శాఖ బీఎస్ఎన్ఎల్ అయ్యింది, దాని డయలప్ పేరు సంచార్‌నెట్. ఎంత లాగినా 56 కేబీపీఎస్ దాటని ఆ కనెక్షన్‌కు నెట్ ఖర్చు వేరు, కాల్ బిల్లు వేరు. నెట్ నడుస్తున్నంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజే. అందుకే ఎంసెట్ ఫలితాల రోజున పిల్లలు హాల్ టికెట్ నంబర్ చీటీ మీద రాసుకుని నెట్ సెంటర్లకు పరుగెత్తేవారు.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. మరుసటి జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' మొదలైంది. దాని ప్లాన్లలో కొన్నిటికి రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా వాడిన డేటాకు లెక్క ఉండేది కాదు. సినిమా దించుకోవాలనుకున్నవాళ్లు అలారం పెట్టుకుని లేచేవారు. అయితే ఈ సేవ నడిచేది పాత రాగి తీగ మీద. ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది. వానకు జాయింట్లలో నీళ్లు దిగితే లైనే పోతుంది. పైగా ఎక్స్ఛేంజిలో 'పోర్టు' ఖాళీ ఉంటేనే కనెక్షన్. ఇల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టే నెట్ వస్తుందో రాదో తేలిపోయేది.

అసలు మార్పు నిచ్చెన వేసుకుని వచ్చింది. కేబుల్ టీవీ చట్టం 1995లో వచ్చాక హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకుని, స్తంభం నుంచి స్తంభానికి వైరు లాగి, నెలనెలా ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేసుకునే ఆపరేటర్లు ప్రతి పట్టణంలోనూ స్థిరపడ్డారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి సినిమాను ఫోన్‌లోకి తెచ్చింది. ఆ మరుసటి ఏడాది కేబుల్ టీవీకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేసే గడువు చివరి దశకు చేరింది. టీవీ ఆదాయం తగ్గేసరికి ఆపరేటర్ అదే నిచ్చెనతో, అదే స్తంభాల మీద ఫైబర్ లాగడం మొదలుపెట్టాడు. బీఎస్ఎన్ఎల్ కూడా ఇళ్లకు ఫైబర్‌ను స్థానిక భాగస్వాముల చేతనే ఇప్పించింది. రైలు పట్టాల వెంట ఫైబర్ వేసిన రైల్‌టెల్ తన 'రైల్‌వైర్'ను ఇళ్లకు చేర్చింది కూడా ఇలాంటి ఆపరేటర్ల ద్వారానే. కాగితం మీద కంపెనీల పోటీ, గల్లీలో మాత్రం ఒకరిద్దరి పెత్తనం.

దీన్ని జనం అమాయకత్వం అనుకోనక్కర్లేదు. కోతి ఊగితే వైరు తెగుతుంది, ఇంట్లో డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఎక్కడో ఉన్న కాల్ సెంటర్ ఆ లైటును ఆర్పలేదు. మనిషి రావాలి, వెంట్రుకంత గాజుపోగు మీది తొడుగు వలవాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొస సాపుగా కత్తిరించాలి, స్ప్లైసింగ్ మెషీన్‌లో పెట్టి అతికించాలి. రాత్రి పూట ఫోన్ ఎత్తి ఈ పని చేసిపెట్టేవాడినే ఇల్లు ఎంచుకుంటుంది. 2020లో కరోనా వల్ల కాలేజీలు, ఆఫీసులు ఇళ్లలోకి వచ్చినప్పుడు ఆ ఫోన్ కాల్ విలువ అందరికీ తెలిసొచ్చింది.

కోదాడకు ఇంకో ముచ్చట ఉంది. హైవే మీద కాస్త దూరం పోతే ఆంధ్రప్రదేశ్, జగ్గయ్యపేట. అక్కడి ప్రభుత్వం ఫైబర్‌నెట్ పేరుతో నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయల నెలవారీ ప్లాన్ తెచ్చింది, 2017 డిసెంబరులో రాష్ట్రపతి దాన్ని ప్రారంభించారు. తెలంగాణ మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ వేసే దారి పట్టింది. టీ-ఫైబర్ అనే ఆ సేవ ఇళ్లకు ప్రయోగాత్మకంగా మొదలైంది 2024 డిసెంబరులో, అదీ వేరే జిల్లాల పల్లెల్లో. సరిహద్దుకు ఇవతల ఉన్నందుకు కోదాడ మళ్లీ తన కేబుల్ ఆయన్నే నమ్ముకుంది.

అయితే ఆయన వైరు వేలాడే స్తంభం ఆయనది కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథయాత్రలో కరెంటు షాక్ కొట్టి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడంతో నగరంలో చాలాచోట్ల నెట్ ఆగింది, వివాదం హైకోర్టుకెక్కింది. సూర్యాపేట, నల్లగొండ జిల్లాలకు కరెంటు ఇచ్చేదీ ఆ సంస్థే. ఇక్కడి స్తంభాలూ దానివే.