నజరే: పోర్చుగల్ తీరంలో ఒక మత్స్యకారుల పట్టణం

పోర్చుగల్ అనగానే మనకు 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామా, 1510లో గోవాను పట్టుకున్న అల్బుకెర్క్ గుర్తుకు వస్తారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ దేశం ఓడలుగా, ఫిరంగులుగా, మిరియాల వ్యాపారంగా కనిపిస్తుంది. కానీ ఆ దేశపు తీరం పొడవునా, ఏ రాజ్యాన్నీ జయించకుండా, అదే సముద్రం మీద చేపలు పట్టి బతికిన వేలాది కుటుంబాలు ఉన్నాయి. వారి చరిత్ర కోసం ఈ పాఠంలో మనం నజరే పట్టణానికి వెళ్దాం. ఇది రాజధాని లిస్బన్‌కు ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ ఒడ్డున ఉంది.

ఇక్కడికి వచ్చే యాత్రికులు ముఖ్యంగా మూడు దృశ్యాలు చూస్తారు. ఇసుక మీద నిలిపిన, ముందు కొన పైకి లేచిన రంగుల పడవలు. చట్రాలకు బిగించిన వలల మీద ఎండుతున్న చేపలు. ఒకదానిపై ఒకటిగా ఏడు లంగాలు ధరించిన స్త్రీలు. వీటిని అందరూ ‘ప్రాచీన సంప్రదాయం’ అంటారు. చరిత్ర విద్యార్థి ఆ మాట దగ్గర ఆగకూడదు. ఈ సంప్రదాయం ఎంత పాతది? ఎందుకు పుట్టింది? దాని ఖరీదు ఎవరు చెల్లించారు? ఇవే ఈ పాఠంలో మన ప్రశ్నలు.

మూడు ఊళ్లు, ఒకే పేరు

నజరేలో మూడు భాగాలున్నాయి. కొండ మీద ఉన్న పెదెర్నైరా పాత ఊరు. మధ్యయుగాల్లో అది ఓడరేవు. అక్కడ ఓడలు కూడా కట్టేవారు. సుమారు 110 మీటర్ల ఎత్తున సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొండకొమ్ము మీద ఉన్నది సీతియు. అది యాత్రాస్థలం. 1182లో ఫుఆష్ రోపిన్యో అనే ప్రభువు పొగమంచులో జింకను తరుముతూ ఈ కొండ అంచుకు వచ్చాడనీ, మేరీమాతను తలచుకోగానే గుర్రం అంచున ఆగిపోయిందనీ ఐతిహ్యం. అక్కడి మేరీమాత విగ్రహం పాలస్తీనాలోని నజరేతు నుంచి వచ్చిందన్న నమ్మకం వల్లనే పట్టణానికి ఆ పేరు వచ్చింది. భారతదేశానికి బయలుదేరే ముందు వాస్కో డ గామా ఇక్కడ మొక్కుకున్నాడని స్థానికులు చెప్పుకుంటారు.

మూడోది ప్రయా, అంటే సముద్రతీరపు ఊరు. యాత్రికులు ‘ప్రాచీనం’ అనుకునే ఊరు ఇదే. నిజానికి మూడింటిలో చిన్నది దీని వయసే. 17వ శతాబ్దం వరకు ఇక్కడ సముద్రం కొండ పాదాల దాకా ఉండేది. క్రమంగా సముద్రం వెనక్కి జరిగి ఇసుక మేట వేసింది. 18వ శతాబ్దంలో ఉత్తరాన ఉన్న ఇల్యావు ప్రాంతం నుంచి మత్స్యకారులు వచ్చి ఈ కొత్త ఇసుక మీద గుడిసెలు వేసుకున్నారు. కింది ఊరినీ కొండనూ కలిపే వాలు రైలు 1889లో వచ్చింది. అంటే ఈ మత్స్యకారుల ఊరు వాస్కో డ గామా కాలంలో లేనే లేదు.

రేవు లేని తీరం

వచ్చినవారికి చేపలు దొరికాయి కానీ పడవ కట్టడానికి రేవు దొరకలేదు. ప్రయా ముందున్నది తెరిచిన సముద్రం. ప్రతి పడవా కెరటాలను చీల్చుకుని వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు వాటిని తప్పించుకుని ఇసుక మీదికి ఎక్కాలి. పడవ ముందు కొన అంత ఎత్తుగా ఉండటానికి, అడుగు చదునుగా ఉండటానికి కారణం అదే. ఆ ఆకారం అలంకారం కోసం వచ్చింది కాదు. ఒడ్డు చేరిన పడవను ఎడ్లు ఇసుక మీదికి లాగేవి. తరవాతి కాలంలో ఆ పని ట్రాక్టర్లకు వచ్చింది.

ఇక్కడి ముఖ్యమైన వల పేరు షావెగా. ఒక తాడు కొసను ఒడ్డున ఉంచి పడవ సముద్రంలోకి వెళుతుంది. అర్ధచంద్రాకారంగా వల వదులుతూ రెండో కొసతో తిరిగి వస్తుంది. ఆ తరవాత రెండు తాళ్లనూ ఒడ్డు నుంచి లాగుతారు. చేపలు మధ్యనున్న వల సంచిలో చేరతాయి. ఇది చదువుతుంటే ఆంధ్ర తీరంలోని అలివి వల గుర్తుకు రావడం సహజం. రేవు లేని ఇసుక తీరాల్లో మనుషులు ఒకే రకమైన పరిష్కారానికి చేరుకున్నారు. షావెగా అన్న మాట వలకు అరబ్బీ పేరైన ‘షబకా’ నుంచి వచ్చింది. పడవ నాయకుణ్ణి అక్కడ ‘మెస్త్రె’ అంటారు. మన ‘మేస్త్రీ’ ఆ పోర్చుగీసు మాటే.

ఒడ్డున స్త్రీలు

పురుషులు సముద్రం మీద ఉంటే మిగిలిన పనంతా స్త్రీలది. కవళ్లు, పార చేప కుటుంబానికి చెందిన కరపావ్ అనే చిన్న చేపలు ఎక్కువగా పడేవి. వాటిని చీల్చి, శుభ్రం చేసి, ఉప్పునీటిలో ఉంచి ఎండబెట్టడం, గంపలు తలకెత్తుకుని లోపలి ఊళ్లకు వెళ్లి అమ్మడం, డబ్బు లెక్క చూడటం వారి బాధ్యతలు. చేపలు పడని రోజుల్లో ఇల్లు గడిచింది ఆ ఎండు చేపలతోనే.

ఏడు లంగాల గురించి చాలా కథలున్నాయి. పడవల కోసం గంటల తరబడి చలిగాలిలో ఎదురుచూసే స్త్రీలు కొన్ని లంగాలను తలకూ భుజాలకూ కప్పుకునేవారన్నది వాటిలో ఒకటి. ఆ ఎదురుచూపుకు అర్థం ఉంది. పడవ బోల్తా పడితే అది ఎక్కడో దూరాన కాదు, ఒడ్డున నిలబడ్డవారి కళ్లముందే జరిగేది. నజరే పాత ఛాయాచిత్రాల్లో నల్లబట్టల స్త్రీలు అంతమంది ఎందుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. అవి వితంతువుల దుస్తులు.

ప్రభుత్వం, కెమెరా

స్థానికంగా బతుకు గడవని చాలామంది కాడ్ చేపల కోసం న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్ జలాలకు వెళ్లారు. ఆ ప్రయాణం సుమారు ఆరు నెలలు. పెద్ద ఓడ నుంచి దించిన చిన్న పడవలో ఒక్కొక్కరు ఒంటరిగా గాలం వేయాలి. 1933లో ఏర్పడిన సలజార్ నియంతృత్వ రాజ్యం ఈ వేటను ప్రోత్సహించింది. నిర్ణీత సంఖ్యలో కాడ్ యాత్రలు చేసినవారికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఇచ్చింది. స్వతంత్ర కార్మిక సంఘాలను మాత్రం అణచివేసి, 1937 చట్టంతో ‘మత్స్యకారుల గృహాలు’ పేరిట సంస్థలు పెట్టి వారిని తన అదుపులో ఉంచుకుంది. చిన్న పడవల కాడ్ వేట 1974తో ముగిసింది.

అదే కాలంలో నజరే చిత్రాల్లోకి ఎక్కింది. లైతావ్ ద బారుష్ 1930లో ‘మరియా దు మార్’ అనే చిత్రాన్ని ఇక్కడ తీశాడు. తరవాత ప్రసిద్ధ దర్శకుడైన స్టాన్లీ కుబ్రిక్ 1948లో ఒక అమెరికన్ పత్రిక కోసం ఇక్కడ ఫొటోలు తీశాడు. ప్రపంచం ఆ చిత్రాల్లో అందం చూసింది. ఎడ్లు లాగే పడవ, బోసికాళ్ల పిల్లలు, నల్లముసుగు స్త్రీలు చూడటానికి అందంగానే ఉన్నారు. కానీ ఆ దృశ్యాల వెనుక ఉన్నది పేదరికం, రేవు లేకపోవడం.

రేవు వచ్చిన తరవాత

మత్స్యకారులు ఎంతోకాలం ఎదురుచూసిన రేవు 1980ల తొలి ఏళ్లలో పట్టణానికి దక్షిణాన పూర్తయింది. పడవలు ఇసుక మీది నుంచి అక్కడికి వెళ్లిపోయాయి. కెరటాల్లో పడవ దించే ప్రమాదం తగ్గింది. ఇప్పుడు తీరాన కనిపించే రంగుల పడవలు ప్రదర్శన కోసం నిలిపినవి. కొందరు స్త్రీలు ఇంకా చేపలు ఎండబెడుతున్నా, పట్టణానికి ప్రధాన ఆదాయం పర్యాటకం.

విచిత్రమేమంటే, ఒకప్పుడు ప్రాణాలు తీసిన కెరటాలే నేడు ఆదాయం తెస్తున్నాయి. తీరానికి ఎదురుగా సుమారు 5,000 మీటర్ల లోతుకు దిగే సముద్రగర్భ లోయ ఉంది. లోతైన నీటిలో అల వేగంగా కదులుతుంది, లోతు తక్కువైన చోట నెమ్మదిస్తుంది. ఈ తేడా వల్ల అలలు వంగి, సీతియుకు ఉత్తరాన ఒకదానితో ఒకటి కలిసి ఎత్తుగా లేస్తాయి. 2020 అక్టోబరులో జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్నర్ అక్కడ 26.21 మీటర్ల అలపై సర్ఫింగ్ చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. తాతలు భయంతో దూరంగా ఉన్న నీటిని చూడటానికి శీతాకాలంలో వేలాదిమంది కొండ మీద చేరుతున్నారు.

ఈ మార్పును పతనం అనాలా, ప్రగతి అనాలా? పాత తీరం పోయిందని బాధపడేవారు ఆ తీరం తీసుకున్న ప్రాణాలను కూడా లెక్కించాలి. అలాగే, రేవు వచ్చింది కాబట్టి అంతా మంచే జరిగిందనుకునేవారు షావెగా వలతో పాటు తగ్గిపోయిన ఉమ్మడి శ్రమనూ, చేతి నైపుణ్యాన్నీ గుర్తించాలి. సంప్రదాయం అనేది కాలానికి అతీతంగా నిలిచిన వస్తువు కాదు. ఫలానా చోట, ఫలానా కష్టానికి మనుషులు కనిపెట్టిన జవాబు అది. మీరు ఏ మత్స్యకారుల ఊరికి వెళ్లినా, అది నజరే కావచ్చు, మన తీరంలోని పల్లె కావచ్చు, పడవ అందాన్ని చూసిన తరవాత ఒక ప్రశ్న వేయండి: ఈ పడవ ఆకారం ఏ ప్రమాదాన్ని దాటడానికి ఏర్పడింది? ఆ ఊరి చరిత్రను అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టవచ్చు.