ఉద్యోగినుల గౌరవం: జీవో నుంచి చట్టం దాకా

కరువు భత్యం, కమ్యుటేషన్, వైద్య ఖర్చుల గురించి మన సంచికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. మనం ఉద్యోగాలు ముగించి ఇంటికి చేరినా, మన కూతుళ్ళు, కోడళ్ళు, మనుమరాళ్ళు ఉద్యోగాలకు వెళుతున్నారు. పొద్దున్నే తుని స్టేషనులో విశాఖపట్నం వైపు, రాజమండ్రి వైపు రైలెక్కే ఆడపిల్లలను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. వారికి అక్కరకు వచ్చే కొంత చరిత్ర ఇక్కడ రాస్తున్నాను.

నేను 1970 దశకంలో గుమాస్తాగా చేరేనాటికి ఆఫీసుల్లో ఆడవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. చీర రంగు మీద, జడలో పూల మీద, ఒంటి తీరు మీద పై అధికారి ఒక మాట విసరడం, చుట్టూ ఉన్నవారు నవ్వడం మామూలు. దానికి సరసమని పేరు. నవ్వులో కలవని ఆవిడకు పొగరని పేరు. ఒక కార్యాలయంలో అటువంటి మాటలు పడలేక ఒక టైపిస్టు బదిలీ కోరుకున్నారు. ఆ దరఖాస్తు నా సీటు మీదుగానే పైకి వెళ్ళింది. అందులో చూపిన కారణం ‘కుటుంబ పరిస్థితులు’. 1860 నాటి శిక్షాస్మృతిలో 509వ సెక్షను ఉన్నమాట నిజమే. కాని దాని కోసం పోలీసు స్టేషను మెట్లెక్కాలి. ఆఫీసులోనే చెప్పుకునే దారి లేదు.

1984 జనవరి 2 నాటి జీవోతో మన రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో 22-ఎ చేరి, నేరు నియామకాల్లో స్త్రీలకు కనీసం 30 శాతం అవకాశం వచ్చింది. అందులో ఒక భాగాన్ని హైకోర్టు కొట్టివేయగా, 1995లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ సుజాతా మనోహర్. అలా ఆడవారికి కుర్చీ దక్కింది. ఆ కుర్చీలో మర్యాదగా కూర్చోగలగడం వేరే సంగతి.

దానికి బాట వేసింది రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో అట్టడుగు కార్యకర్త భన్వరీదేవి. బాల్యవివాహం ఆపబోయి, 1992లో సామూహిక అత్యాచారానికి గురయ్యారు. 1995లో కింది కోర్టు నిందితులపై అత్యాచారం కేసు కొట్టివేసింది. విశాఖ అనే సంస్థ, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలోనూ జస్టిస్ సుజాతా మనోహర్ ఉన్నారు. ఒంటి మీద చెయ్యి వేయడమే కాదు, అసభ్యమైన వ్యాఖ్య కూడా లైంగిక వేధింపేనని, ప్రతి కార్యాలయంలో ఫిర్యాదుల కమిటీ ఉండాలని అందులో చెప్పారు. 1998లో కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 3-సి నిబంధన చేరింది.

1999లో వచ్చిన తీర్పు మన గుమాస్తాలందరూ తెలుసుకోదగినది. ఢిల్లీలోని దుస్తుల ఎగుమతి ప్రోత్సాహక మండలిలో ఒక క్లర్కు-టైపిస్టును పై ఉద్యోగి వేధించాడు. ఒంటిని తాకినట్టు రుజువు లేదని హైకోర్టు అతనికి ఊరట ఇచ్చింది. తాకితేనే వేధింపు అనుకోవడం సరికాదని చెప్పి, సుప్రీంకోర్టు అతని తొలగింపును ఖాయం చేసింది. తీర్పులో ఆమె పేరు బయటపెట్టలేదు.

2013లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో సగం మందికి తక్కువ కాకుండా మహిళలుండాలి. పదిమంది లేని చోట పనిచేసేవారు, ఇళ్ళలో పనిచేసేవారు జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. 2022 నుంచి మన తునికి జిల్లా కాకినాడ. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ సాగుతుండగా ఆమెను గాని, అతన్ని గాని వేరే చోటికి బదిలీ చేయమని, లేదా ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఈ సెలవు ఆమె ఖాతాలో ఉన్న సెలవులకు అదనం.

ఇక ఇంట్లో పెద్దలమైన మనం చేయవలసింది ఒకటుంది. పిల్ల వచ్చి చెప్పుకుంటే, ‘పెళ్ళి కావలసిన దానివి, అల్లరవుతావు, కొన్నాళ్ళు ఓర్చుకో’ అనడం మనకు అలవాటు. అయితే ఫిర్యాదుకు గడువు మూడు నెలలే. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. మనం ఓర్పు బోధిస్తూ ఉంటే ఆ గడువు దాటిపోతుంది. అల్లరి భయానికీ జవాబు చట్టంలోనే ఉంది. ఆమె పేరు, ఊరు, విచారణ వివరాలు పత్రికలకెక్కించడం నిషిద్ధం. కనుక తేదీ, వేళ, అన్న మాట, పక్కన ఎవరున్నారో వెంటనే కాగితం మీద పెట్టమనండి. ఫిర్యాదు ప్రతులు రాయించి, ఒకదానిపై అందినట్టు సంతకం తీసుకోమనండి. ఈ పని మనకు నలభై ఏళ్ళ అలవాటు, నేర్పడం కష్టం కాదు. ఈ పేజీ చదివాక ఇంట్లో ఉద్యోగం చేసే ఆడపిల్లకు ఇవ్వండి.