యంత్రానికి చూపు ఎలా అబ్బింది?

మంచం కింద నక్కి, తోక మాత్రమే బయట పెట్టినా అది పిల్లేనని మూడేళ్ల పాప చెప్పేస్తుంది. మరి కంప్యూటర్? కెమెరా దానికి అందించేది బొమ్మ కాదు, అంకెల పట్టిక. చిత్రాన్ని చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్క వెలుగుకు సాధారణంగా 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య ఇస్తారు. పిల్లి కాస్త పక్కకు తిరిగితే ఆ సంఖ్యలు మారిపోతాయి. ఇక వాటిలో పిల్లిని వెతకడం ఎలా?

ఈ చిక్కు ఎంత గట్టిదో మొదట్లో తెలియలేదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో లారెన్స్ రాబర్ట్స్, ఫొటోలోని దిమ్మెల అంచులను కంప్యూటర్ చేత గీయించి, వాటి ఘనాకారాన్ని రాబట్టారు. 1966లో అక్కడే సేమూర్ పాపర్ట్, ఈ సమస్యలో చెప్పుకోదగ్గ భాగాన్ని ఒక్క వేసవిలో సాధించాలని పథకం వేశారు. వేసవి గడిచిపోయింది. సమస్య మాత్రం దశాబ్దాలు నిలిచింది.

దారి జీవశాస్త్రం చూపింది. పిల్లి మెదడులో కొన్ని కణాలు ఒక ప్రత్యేకమైన వాలులో ఉన్న గీతలకే స్పందిస్తాయని 1959లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ వెల్లడించారు. ఆ స్ఫూర్తితో జపాన్ శాస్త్రజ్ఞుడు కునిహికో ఫుకుషిమా 1980లో 'నియోకాగ్నిట్రాన్'ను ప్రకటించారు. ఇందులో కింది పొరలు గీతలను, పై పొరలు వాటి కలయికలను పసిగడతాయి. 1989లో బెల్ లాబ్స్‌లో యాన్ లెకున్ బృందం ఇలాంటి పొరల వలకు కవర్ల మీది చేతిరాత అంకెలను నేర్పింది. నేర్పడమంటే నియమాలు రాసివ్వడం కాదు. జవాబు తప్పినప్పుడల్లా పొరల మధ్య లంకెల బలాన్ని, తప్పు తగ్గే దిశలో కొద్దికొద్దిగా సవరించడం.

ఇందుకు ఉదాహరణలు కుప్పలుగా కావాలి. ఫెయ్‌ఫెయ్ లీ బృందం 2009లో ప్రకటించిన 'ఇమేజ్‌నెట్' క్రమంగా 1.4 కోట్ల చిత్రాలను దాటింది. దాని ఆధారంగా 2012లో జరిగిన పోటీలో, ఒక్కో చిత్రానికి ఐదు ఊహలకు అవకాశమిచ్చారు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన క్రిజెవ్‌స్కీ, సట్స్‌కేవర్, హింటన్‌ల వల 15.3 శాతమే తప్పింది. రెండో స్థానంలో నిలిచిన బృందం 26.2 శాతం తప్పింది.

అయితే చూపినదే నేర్చుకునే యంత్రం, చూపనిదాని దగ్గర తడబడుతుంది. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలను జాయ్ బూలమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షించారు. తెల్లఛాయ పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. ముదురు ఛాయ స్త్రీల విషయంలో ఒక వ్యవస్థ 34.7 శాతం తప్పింది. అప్పటికి వాడుకలో ఉన్న రెండు ప్రామాణిక ముఖచిత్రాల సంకలనాల్లో తెల్లఛాయ వారే దాదాపు 80, 86 శాతం ఉన్నారని కూడా వారు లెక్కతేల్చారు.

మన విమానాశ్రయాల్లోనూ 2022 డిసెంబరులో 'డిజియాత్ర'తో ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు మొదలయ్యాయి. కనుక ఏ కెమెరా అయినా మిమ్మల్ని పోల్చుకోలేదంటే, లోపం మీ ముఖంలో ఉందనుకోకండి. దానికి ఎవరి ముఖాలు చూపి నేర్పారో అడగండి.