వృద్ధుల పరిచర్య – ఇంటివారి భారము

బుగ్గారం, కోరుట్ల ప్రాంతములనుండి మగవారు గల్ఫ్ దేశములకు వలసపోగా, ముసలివారి సేవ అనేక ఇండ్లలో కోడళ్లపై పడినది. బీడీలు చుట్టి బ్రతుకు కోడలికి మంచము ప్రక్కన గడచిన పూట కూలి పోవుటను మేము ఎరుగుదుము.

1995లో కేంద్రము నిరాధార వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఆరంభించెను. 2007 నాటి చట్టము తల్లిదండ్రుల పోషణను పిల్లల విధిగా చేసెను. 2014లో తెలంగాణలో 1000 రూపాయల ‘ఆసరా’ వచ్చెను. 2019లో అది 2016 రూపాయలాయెను. ఇవేవియు సేవచేయు ఆమెకు విశ్రాంతినిచ్చునవి కావు.

వృద్ధుల సహాయవాణి 14567కు ఆమెయు ఫోను చేసి సలహా అడుగవచ్చును. సంఘస్థులారా, వారమునకొక పూట మనలో ఒకరు ఆ మంచమువద్ద కూర్చున్నయెడల, ఆమెకు ఆ పూట కూలియైనను, నిద్రయైనను దక్కును.